చప్పుడు పోలేదు, 46 వేలు పోయాయి

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. మా చిన్న కారు ఆరేళ్లది, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్లుగా ముందు ఎడమ పక్క టక్ టక్‌మని చప్పుడు. ఒక చక్రం గుంతలో పడితే వస్తుంది. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర హంప్ మీద మాత్రం రాదు. ఎలాగూ సర్వీసు టైమ్ అయిందని కారు కొన్న షోరూం సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చాను. పొద్దున 9,500 ఎస్టిమేట్ ఇచ్చారు. మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉంటే అడ్వైజర్ ఫోన్ చేసి, 'అక్కా, బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి, షాక్ అబ్జార్బర్లు లీకు, సేఫ్టీ విషయం, ఇంకొన్ని చిన్న చిన్న పనులున్నాయి' అన్నాడు. అతనిది మదనపల్లి. మనవాడే కదా అని సరే అన్నాను. సాయంత్రం బిల్లు 46,380. కార్డు గీకి ఇంటికొస్తుంటే దారిలోనే అదే చప్పుడు! మర్నాడు తీసుకెళ్తే స్టీరింగ్ ర్యాక్ పోయింది, ఇంకో 38 వేలు అంటున్నారు. పాత సామాను చూపించమంటే స్క్రాప్‌కి వెళ్లిపోయిందన్నారు. ర్యాక్ మార్పించాలా? కట్టినదాంట్లో ఏమైనా వెనక్కి వస్తుందా? ఆడదాన్ని, నాకేం తెలియదని ఇలా చేశారా? మా వారైతే కారే అమ్మేద్దామంటున్నారు. బిల్లు, జాబ్ కార్డు, అతను వాట్సాప్‌లో పంపిన ఫొటో జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: ర్యాక్ పనికి, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని తిప్పే ఆ భాగాన్ని మార్చడానికి, ఒప్పుకోకండి. ఈ మాట ఫోన్లో చెప్పి వదిలేయకుండా ఆ అడ్వైజర్‌కి ఇవాళే వాట్సాప్‌లో ఒక లైను పెట్టండి: 'స్టీరింగ్ ర్యాక్ పనికి నేను అనుమతి ఇవ్వలేదు, నన్ను అడగకుండా ఏ పనీ మొదలుపెట్టవద్దు' అని. కారు మీ దగ్గరే ఉంటే ఇంకా మంచిది. ఊళ్లో నెమ్మదిగా తిప్పుకోవచ్చు గానీ, ఒకసారి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించేదాకా అనంతపురం ప్రయాణం మాత్రం పెట్టుకోకండి. చక్రాన్ని కింద పట్టి ఉంచే గుండ్రటి కీలు, అంటే కింది బాల్ జాయింట్, వదులైనా చప్పుడు ఇలాగే ఉండొచ్చు. అదైతే ప్రమాదం.

మీరు మామూలుగా రాసేసిన ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఒక చక్రం గుంతలో పడితే చప్పుడు వస్తుంది, హంప్ మీద రాదు అన్నారు చూడండి, అది. సర్వీస్ సెంటర్‌లో ఎవరైనా ఈ మాట అడిగి రాసుకొని ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. మీ జాబ్ కార్డులో ఫిర్యాదు గడిలో ఏం రాశారో చూశాను. 'ముందు వైపు శబ్దం.' అంతే. ఎడమో కుడో కూడా లేదు.

ఎందుకు ఆగానో చెప్తాను. కారు ముందు భాగంలో రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. స్టెబిలైజర్ బార్ అంటారు. మలుపు తిరిగేటప్పుడు కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా చూడటం దాని పని. ఆ కడ్డీ రెండు కొసల్నీ చక్రాల వైపు భాగాలతో కలిపే చిన్న రాడ్లు ఉంటాయి, జానెడో బెత్తెడో పొడవు. వాటినే లింక్ రాడ్లు అంటారు. ఒక్కోదానికి అటూ ఇటూ గోళీకాయంత బాల్ జాయింట్, లోపల గ్రీజు, పైన రబ్బరు తొడుగు. రెండు చక్రాలూ ఒకేసారి హంప్ ఎక్కితే కడ్డీ మొత్తం కలిసి పైకి లేస్తుంది, లింక్ రాడ్ మీద పెద్ద ఒత్తిడి ఉండదు. ఒక చక్రం గుంతలోకి దిగి రెండోది రోడ్డు మీదే ఉంటే కడ్డీ మెలి తిరగాలి. ఆ మెలి తిప్పే బలమంతా లింక్ రాడ్ల మీదుగానే పోతుంది. అందులో జాయింటు అరిగి వదులై ఉంటే సరిగ్గా అప్పుడే టక్‌మంటుంది. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ మీదుగా రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి 61 వేల కిలోమీటర్ల దగ్గర ఇది అరిగిందంటే ఆశ్చర్యం లేదు.

ఇక ఫొటో సంగతి. కింద నుంచి ఫ్లాష్ వేసి తీశాడు. మధ్యలో నిలువుగా కనిపించేది షాక్ అబ్జార్బర్, ముందు చక్రాల దగ్గర ఉండేదాన్ని స్ట్రట్ అంటారు. దాని మీద ఎర్ర గీత గీసి 'లీక్' అని రాసి పంపాడు. నిజంగా లీకైన స్ట్రట్‌ని ఒకసారి చూస్తే మర్చిపోరు. పై సీలు దగ్గర్నుంచి నూనె కిందికి జారి, దానికి రోడ్డు మీది దుమ్మంతా పట్టి, నల్లటి జిడ్డు చారలు ఉంటాయి. వేలు పెడితే వేలికి అంటుకుంటుంది. మీ ఫొటోలో కనిపిస్తున్నది పొడి దుమ్ము. గోరుతో గీకితే రాలిపోయేలా ఉంది. సీలు దగ్గర కాస్త తేమ ఉన్నా దాన్ని లీకు అనరు. ఆరేళ్ల కారులో అది మామూలే.

అదే ఫొటో కుడి అంచున, అతను గీత గీయని చోట, లింక్ రాడ్ పై జాయింటు సగం కనిపిస్తోంది. జూమ్ చేసి చూడండి. రబ్బరు తొడుగు చీలి ఉంది. లోపలుండాల్సిన గ్రీజు బయటికొచ్చి, ఎండి, బెల్లంపాకంలా గట్టిపడింది. తొడుగు చీలితే లోపలికి నీళ్లూ ఇసకా పోతాయి, ఆ తర్వాత జాయింటు ఎన్నాళ్లో ఉండదు.

నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. ఆ లింక్ రాడ్ మీ కారులో స్ట్రట్‌కే బిగించి ఉంది. ఆ నట్టు విప్పకుండా స్ట్రట్ బయటికి రాదు. అంటే కొత్త స్ట్రట్ వేసిన మెకానిక్ ఈ లింక్ రాడ్‌ని విప్పాడు, పక్కకి తిప్పాడు, మళ్లీ తీసుకొచ్చి కొత్త స్ట్రట్‌కి బిగించాడు. జాయింటు లొడలొడలాడుతుంటే చేతికి తెలియకుండా పోదు. తెలిసినా చెప్పే ఏర్పాటు అక్కడ లేదు. జాబ్ కార్డులో స్ట్రట్ అని ఉంది, స్ట్రట్ వేశాడు. ఫ్లోర్ మీద అతనికి ఇంకో ఆరు కార్లు ఎదురు చూస్తుంటాయి.

ఫొటో చూసి రోగం తేల్చేంత మొనగాణ్ని కాదు నేను. లింక్ రాడ్ కాకుండా లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే ఇనుప చేతికి ఉండే రబ్బరు) కావచ్చు, స్ట్రట్ పైన ఉండే మౌంట్ సరిగ్గా బిగించకపోవడం కావచ్చు. ర్యాక్ కూడా కావచ్చు, కాదనను. కానీ చవకైనవన్నీ చూసి, కావని తేలాక ఖరీదైనదాని దగ్గరికి వెళ్తారు ఎవరైనా. వీళ్లు 19 వేల స్ట్రట్ల దగ్గర మొదలుపెట్టి 38 వేల ర్యాక్ దగ్గరికి వచ్చారు. వెయ్యి రూపాయల సామాను వైపు చూడనే లేదు.

'మనవాడే కదా' అన్నారు. నేను హోసూర్ రోడ్డులో ఒక డీలర్ దగ్గర నాలుగేళ్లు అడ్వైజర్‌గా పనిచేశాను కాబట్టి లోపల ఎలా ఉంటుందో కొంత తెలుసు. పొద్దున 8 గంటలకి మీటింగ్. గోడ మీద బోర్డు, దాని మీద మా పేర్లు, పేరు పక్కన నిన్నటి వరకు ఎంత చేశాం అనే అంకె. ఆ అంకెలో ఆయిల్ మార్పు లెక్కకి రాదు. ఇంజిన్ ఫ్లష్ (మందు పోసి ఇంజిన్ లోపల కడగడం), ఏసీ ట్రీట్‌మెంట్, అండర్‌బాడీ కోటింగ్ (తుప్పు పట్టకుండా కారు అడుగున వేసే పూత), ఇలాంటివే లెక్క. నెలాఖరుకి అంకె నిండకపోతే ఇన్సెంటివ్ ఉండదు, మేనేజర్ చీవాట్లు అదనం. అడ్వైజర్ మెకానిక్ కాదు. మెకానిక్‌కీ మీకూ మధ్య నిలబడి అమ్మేవాడు. నేను కూడా వచ్చే నెలలో కారు అమ్మేస్తానని చెప్పిన ఒక పెద్దాయనకి అండర్‌బాడీ కోటింగ్ అంటగట్టాను. ఆయన తెలుగువారే. తెలుగులో మాట్లాడాననే ఒప్పుకున్నాడు. ఇప్పటికీ గుర్తొస్తే బాగుండదు. మీ మదనపల్లి అబ్బాయి చెడ్డవాడని నేను అనను. మీతో తెలుగులో అక్కా అని మాట్లాడటం నిజమే అయ్యుంటుంది, టార్గెట్ కూడా నిజమే.

ఆడవాళ్లనే ఇలా చేస్తారా అంటే, మగవాళ్లకీ ఇంతే జరుగుతుంది. వాళ్లు బయటికి చెప్పుకోరు, అంతే తేడా. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనుకొని, ర్యాక్ అనగానే 'అవునవును, నేనూ అదే అనుకున్నా' అని తలూపి డబ్బు కట్టి వచ్చేవాళ్లని ఎంతమందిని చూశానో.

మీ బిల్లు ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, లేబర్ కలిపి 8,900. ఇందులో నాకు అభ్యంతరం లేదు. బ్రేక్ ప్యాడ్లు, డిస్క్ స్కిమ్మింగ్ (బ్రేకు పళ్లేన్ని చెక్కి చదును చేయడం) 6,200. ప్యాడ్ మందం 4 మి.మీ. మిగిలి ఉందని జాబ్ కార్డులో వాళ్లే రాశారు. కొత్త ప్యాడ్ 10 మి.మీ. పైన ఉంటుంది, 3 మి.మీ.కి వస్తే మార్చాలి. 'అయిపోయాయి' అన్నది అబద్ధం. కానీ 4 దగ్గర మార్చడం మోసం కూడా కాదు, బెంగళూరు ట్రాఫిక్‌లో అది ఎన్నాళ్లో ఉండేది కాదు. దాని మీద గొడవ పడకండి. డిస్క్ స్కిమ్మింగ్ మాత్రం ఎందుకు చేశారో అడగండి. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందని మీరు చెప్పలేదు కదా.

ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) క్లీనింగ్ 4,300. మీ డ్యాష్‌బోర్డు గూట్లో ఒక లావు పుస్తకం ఉంటుంది, ప్లాస్టిక్ కవరు కూడా తీసి ఉండరు. ఓనర్స్ మాన్యువల్. దాని చివర్లో ఎన్ని కిలోమీటర్లకి ఏం మార్చాలో పట్టిక ఉంటుంది. ఇంజిన్ ఫ్లష్ అనే మాట అందులో ఎక్కడుందో వెతికి చూపించమని వాళ్లనే అడగండి. త్రాటిల్ బాడీ క్లీనింగ్‌కి అప్పుడప్పుడూ అవసరం వస్తుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఎగుడుదిగుడుగా ఆడుతుంటే. మీకు ఆ ఫిర్యాదే లేదు. ఏసీ ట్రీట్‌మెంట్, లోపలి క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్ 5,680. చెన్నైలో బీసెంట్ నగర్ లాంటి చోట ఉప్పుగాలికి రోజంతా కారు బయట పెట్టేవాళ్లకి కోటింగ్‌లో ఏమైనా అర్థం ఉంది. రామమూర్తినగర్ సెల్లార్‌లో నిద్రపోయే కారుకి దేనికి?

స్ట్రట్లు, మౌంట్లు, లేబర్ 19,400. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,900. అసలు మాట్లాడుకోవాల్సింది ఇక్కడే. పార్ట్ నంబర్లు బిల్లులో ఉన్నాయి. వాటిని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి ఎమ్మార్పీతో సరిచూశాను. సరిపోయింది. ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర, దానిమీద మళ్లీ జీఎస్టీ వేయకూడదు. వీళ్లు వేయలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాల మీద 28 శాతం పోయి 18 శాతం వచ్చింది. ధరలో కలిసిన ఆ పన్నునీ బిల్లులో సరిగ్గానే చూపించారు. రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు. అక్కర్లేని వస్తువుని సరైన ధరకి అమ్మారు. అందుకే బిల్లులో తప్పుందని వెళ్లి అరిస్తే మీరే ఓడిపోతారు. చప్పుడు అని ఇచ్చాను, చప్పుడు పోవడానికే ఇది మార్చామన్నారు, చప్పుడు పోలేదు. ఈ మూడు ముక్కల మీదే నిలబడండి.

ఈ వారంలో చేయాల్సింది చెప్తాను. వేరే చోట, కొంచెం పేరున్న గ్యారేజీలో, ముందు ఫోన్ చేసి వెళ్లండి. శనివారం వద్దు, ఆ రోజు ఎవరికీ మీ మాట వినే తీరిక ఉండదు. మంగళ, బుధవారాల్లో పదకొండు గంటల వేళ మంచిది. ర్యాక్ అన్నారన్న సంగతి ముందే చెప్పకండి. చెబితే ర్యాక్ దగ్గరే వెతుకుతారు. చప్పుడు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో అంతవరకే చెప్పి, మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకొని మీరే నడిపి ఆ చప్పుడు వినిపించండి. గుంతలున్న రోడ్డు వెతకాల్సిన పని లేదులెండి.

తర్వాత కారు లిఫ్ట్ ఎక్కుతుంది. పక్కనే నిలబడండి. వద్దంటే ఆ గ్యారేజీయే వద్దు. చక్రాన్ని ఎడమా కుడీ అంచుల దగ్గర, అంటే గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట పట్టుకొని ఊపుతారు. అక్కడ ఆట, అంటే వదులు, ఉంటే టై రాడ్ (ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ) గానీ ర్యాక్ గానీ. పైనా కిందా పట్టుకొని ఊపినప్పుడు ఆట ఉంటే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ. తర్వాత లింక్ రాడ్‌ని చేత్తో పట్టుకొని ఆడించమనండి. కొన్నిసార్లు చక్రాలు గాలిలో వేలాడుతుంటే కడ్డీ బిగుసుకొని వదులు బయటపడదు. అందుకని ఒక వైపు నట్టు విప్పి చూడమనండి. బాగున్న జాయింటు బిర్రుగా కదులుతుంది. పోయినది గిలక్కాయలా ఆడుతుంది. మీ చేత్తో మీరే ఆడించి చూడండి, ఇందులో ఇంజినీరింగ్ ఏం లేదు.

ఇంకా అనుమానం ఉంటే రెండు వైపులా లింక్ రాడ్లు విప్పి తీగతో పక్కకి కట్టి, నెమ్మదిగా ఒక ఫర్లాంగు నడిపి చూస్తారు. చప్పుడు మాయమైతే ఇక వాదన లేదు. పాత మెకానిక్‌లందరికీ తెలిసిన పరీక్షే ఇది. ఆ కాస్త దూరానికి మలుపుల్లో కారు కొంచెం ఊగుతుంది, అందుకే మెకానిక్కే నడపాలి.

ర్యాక్‌ని కూడా అక్కడే చూపించండి. ఇంజిన్ ఆన్ చేసి, కారు ఆగి ఉండగానే స్టీరింగ్‌ని బెత్తెడు దూరం అటూ ఇటూ గబగబా తిప్పితే ర్యాక్ వదులు చేతికి తగులుతుంది. మీ చప్పుడు చేతికి తగులుతోందా, కాళ్ల దగ్గర నేలలో వినిపిస్తోందా? ఇది మీరే గమనించి చెప్పగలరు. ఒకవేళ ర్యాక్‌లోనే ఉన్నా, చాలా కార్లలో దాన్ని బిగించే అడ్జస్ట్‌మెంట్ ఒకటి ఉంటుంది. మార్చడం ఆఖరి మాట.

లింక్ రాడ్ అని తేలితే, మీ కారు స్థాయికి జత 2,000 నుంచి 3,000 లోపు వస్తుంది, లేబర్ కొన్ని వందలు. పని అరగంట. సొంతంగా కొనుక్కోవాలంటే జేసీ రోడ్డు ఉండనే ఉంది. బెంగళూరులో విడిభాగాలకి అదే అడ్డా, చెన్నైవాళ్లకి జీపీ రోడ్డు ఎలాగో అలా. చెన్నై పుదుపేటలాగా పాత సామాను దొరికే చోట్లు ఇక్కడా ఉన్నాయి గానీ, సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ సామాను పాతవి కొనొద్దు. డబ్బా మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ చూసి, బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా యాభై తగ్గిస్తామంటే ఆ యాభై ఇచ్చేయండి.

ఒక్క పని మాత్రం తొందరపడి చేయకండి. లింక్ రాడ్ మార్చే ముందే, లోపం ఏంటో ఆ గ్యారేజీ లెటర్‌హెడ్ మీద తేదీ, కిలోమీటర్లు వేసి రాయించుకోండి. వీడియో తీయండి, చేత్తో ఆడిస్తున్నప్పుడు ఆ లొడలొడ వినిపించేలా. విప్పిన పాత లింక్ రాడ్లు కవర్లో వేసి ఇంట్లో పెట్టుకోండి. స్ట్రట్లు పోగొట్టుకున్నట్టు వీటినీ పోగొట్టుకోవద్దు. ఇక ముందు ఎక్కడ కారు ఇచ్చినా, ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద 'పాత సామాను వెనక్కి ఇవ్వాలి' అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. సాయంత్రం అడిగితే ఎప్పుడూ స్క్రాప్ లారీ అప్పుడే వెళ్లిపోయి ఉంటుంది.

ఇప్పుడు డబ్బు. అడ్వైజర్‌తో మాట్లాడటం ఆపేయండి, అతని చేతిలో ఏమీ లేదు. సర్వీస్ మేనేజర్‌కి ఈమెయిల్ రాయండి, కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా అదే పంపండి. పొడుగ్గా వద్దు. ఫలానా తేదీన ఈ చప్పుడు కోసం ఇచ్చాను, 9,500 ఎస్టిమేట్ ఇచ్చారు, లీకు అని చెప్పి స్ట్రట్లు మార్చారు, చప్పుడు అలాగే ఉంది, వేరే గ్యారేజీ కారణం ఇది అని తేల్చింది, మీరు పంపిన ఫొటో ఇదిగో, ఇందులో లీకు ఎక్కడో చూపించండి, పాత స్ట్రట్లు నాకు చూపించలేదు, స్ట్రట్లూ అలైన్‌మెంట్ కలిపి 21,300 వెనక్కి ఇవ్వండి, ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. ఇంతే. మోసం, దొంగలు లాంటి మాటలు రాయకండి. ఆ మధ్యాహ్నం మీతో మాట్లాడిన కాల్ రికార్డింగ్ ఉంటే భద్రపరచమని కూడా ఒక వాక్యం చేర్చండి.

కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫోన్ వస్తుంది, లేదా ఈపాటికే వచ్చి ఉంటుంది. అడ్వైజర్ కూడా 'అక్కా, పదికి పది ఇవ్వండి' అని మెసేజ్ పెట్టి ఉంటాడు. నేను పెట్టేవాణ్ని! డీలర్లు ఆ మార్కులకి భయపడినంతగా దేనికీ భయపడరు. పని తేలేదాకా పది ఇవ్వకండి. కోపంతో సున్నా కూడా ఇవ్వొద్దు. ఫిర్యాదు ఇంకా పరిష్కారం కాలేదని చెప్పి పెట్టేయండి. మేనేజరే మీకు ఫోన్ చేస్తాడు.

నా అంచనా చెప్తాను, ఆశ పెట్టను. స్ట్రట్ల డబ్బులో లేబరూ అలైన్‌మెంట్ ఖర్చూ వెనక్కివ్వడానికి, లింక్ రాడ్లు ఉచితంగా వేయడానికి మేనేజర్ దగ్గరే దిగొస్తారు. స్ట్రట్ల ఖరీదులో సగమైనా రాబట్టాలంటే కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ దాకా వెళ్లాలి. ఫ్లష్, కోటింగ్ లాంటి వాటికి ఫోన్లో మీరు సరే అన్నారు కాబట్టి అవి పోయినట్టే అనుకోండి. 'తర్వాతి సర్వీసులో డిస్కౌంట్ ఇస్తాం' అనే మాట తప్పకుండా వస్తుంది. వద్దనండి. ఆ డిస్కౌంట్ ఎస్టిమేట్‌లో ముందే కలిసి ఉంటుంది.

ఏడు రోజుల్లో కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు నివాసం ఉండే చోటే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్ల గడువు ఉంది కాబట్టి తొందర లేదు. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇరవై వేల కోసం అంత తిరగాలా అన్నది మీ ఓపిక. ఆ లెటర్‌హెడ్ కాగితం అక్కడే పనికొస్తుంది, ముందే రాయించుకోమన్నది అందుకే.

మీ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం ఒకటి. బిల్లు చూసి గుండె గుభేల్‌మన్నా, కౌంటర్ దగ్గర డబ్బు కట్టనని కూర్చోకండి. పని చేసినవాడికి కూలి అందేదాకా వస్తువు పట్టి ఉంచుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. పైగా పార్కింగ్ ఛార్జీ అని రోజుకింత వేస్తారు. కార్డు మీదో యూపీఐ మీదో కట్టి, బిల్లు కాపీ మీద 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి, ఫొటో తీసుకొని, కారు బయటికి తెచ్చుకోండి. పోట్లాట తర్వాత. ఇంకా వారంటీలో ఉన్న కార్లవాళ్లు 'బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుంది' అనే మాటకి భయపడుతుంటారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకి కలిపి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసినప్పుడు, బయట గ్యారేజీకి వెళ్లినంత మాత్రాన వారంటీ గంపగుత్తగా రద్దు చేయకూడదనీ చెప్పింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి. నా సలహా అయితే వారంటీ ఉన్నన్నాళ్లు సర్వీసు డీలర్ దగ్గరే చేయించుకోవడం, ఎస్టిమేట్‌లో మాన్యువల్ పట్టికలో లేని ప్రతి లైనూ కొట్టేయించడం. మీ కారు ఆరేళ్లది, ఆ బెంగ ఎలాగూ లేదు.

కారు అమ్మే సంగతి మీ వారూ మీరూ తేల్చుకోవాల్సింది. కొత్త బ్రేకులు, కొత్త స్ట్రట్లు పడిన కారుని ఈ నెలలోనే అమ్మడమంటే నాకైతే మనసొప్పదు, ఆ సుఖమేదో కొన్నవాడు అనుభవిస్తాడు. అయినా అమ్మాలనే అనుకుంటే ముందు ఆ చప్పుడు పోనివ్వండి. చప్పుడుతో చూపిస్తే కొనడానికి వచ్చినవాడు కూడా స్టీరింగ్ ర్యాక్ పేరు చెప్పే 38 వేలు తగ్గిస్తాడు.